వెనిలా లేని చోట పెళ్ళిచూపులు

మా అక్కకు లోకంలో రెండింటి మీదే గట్టి నమ్మకం. ఒకటి తాను చేసే ఓళిగలు, రెండోది తాను చూసే సంబంధాలు. వేరే జిల్లాలవాళ్ళు బొబ్బట్లు అనేవాటినే మేము ఓళిగలంటాం. వాటి విషయంలో ఎమ్మిగనూరులో మా అక్కతో ఎవరూ వాదించరు. సంబంధాల విషయంలో మాత్రం కన్నకూతురే వాదానికి దిగింది.

అప్పటికి పాపకు మూడు పెళ్ళిచూపులు అయిపోయాయి. మూడూ ఇంట్లోనే. మూడుసార్లూ ఉగ్గాని, బజ్జీలు, కాఫీ. వీధిలోకి కొత్త కారు వస్తే చాలు, చుట్టుపక్కల మగ్గాల చప్పుడు ఆగిపోయేది. మగ్గం గుంటల్లో కూర్చున్నవాళ్ళంతా లేచి గడపల్లోకి వచ్చేవాళ్ళు. సంబంధం తప్పిపోయినాక వారం రోజులు ఒక్కొక్కరే వచ్చి ఏమైందని అడిగేవాళ్ళు. మూడోది తప్పిపోయిన మర్నాడు పాప నాకు ఫోన్ చేసింది.

"చిన్నమ్మా, ఇంగ ట్రే పట్టుకోని ఎవరి ముందరికీ రాను. నేనేమన్నా హోటల్లో సప్లయర్నా?"

"మీయమ్మకు చెప్పు."

"చెప్పినా. నీకు ఫోన్ చేయమనింది."

నేను దేవనకొండ దిక్కు ఒక పల్లెలో బడిపంతులమ్మను. అక్కకంటే పదేళ్ళు చిన్న. అక్క చెప్పినదానికి తలూపడం నాకు చిన్నప్పటి అలవాటు. పాప చెప్పినదానికి తలూపడం తర్వాత నేర్చుకున్నాను. తల్లీకూతుళ్ళు ఒకేసారి చెప్తే మాత్రం నా మెడ ఎటూ తిరగదు. ఆ వారమంతా అదే అయింది. చివరికి పాపే దారి చూపింది. ఆదోని రోడ్డు మీద, రెండూళ్ళకూ మధ్యన, ఒక ఐస్‌క్రీమ్ అంగడి పెట్టారు. మన పంటలతోనే చేస్తారట. అక్క చూసిన నాలుగో సంబంధం ఆదోని వాళ్ళది. వాళ్ళను అక్కడికి రమ్మంటే మన వీధికీ తెలియదు, వాళ్ళ వీధికీ తెలియదు.

"ఐస్‌క్రీమ్ కాడ పెళ్ళిచూపులా? వాళ్ళేమనుకుంటారు?" అంది అక్క.

వాళ్ళేమీ అనుకోలేదు. అడిగిన వెంటనే సరేనన్నారు. అంత త్వరగా ఎందుకు ఒప్పుకున్నారో మాకు తర్వాత తెలిసింది. అబ్బాయి తల్లికి ఐస్‌క్రీమంటే ప్రాణం. గొంతు పట్టుకుంటుందని ఇంట్లో మొగుడు తిననివ్వడు. సంబంధం పేరు చెప్పి తినవచ్చని ఆమె ఆశ.

ఆదివారం మధ్యాహ్నం మేము నలుగురం ఆటోలో బయల్దేరాం. అక్క, బావ, పాప, నేను. అక్క పెళ్ళినాటి పట్టుచీర కట్టింది. ఆ చీరతో ఆటోలో మూలకు ఒదిగి, గాలికి కొంగు ఎగరకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. దారికి రెండు పక్కలా పత్తి ఏరేసిన చేలు మోడుగా ఉన్నాయి. పాప నేత చీరల ఫోటోలు తీసి ఫోన్లో అమ్ముతుంది. ఆ రోజు కూడా దారి పొడుగునా ఎవరికో రంగుల గురించి మెసేజీలు పెడుతూనే ఉంది.

"ఆ ఫోను బ్యాగులో పెట్టు. చూసేటోళ్ళు ఏమనుకుంటారు?" అంది అక్క.

"చేలల్లో పత్తికట్టెలు తప్ప ఎవరుండారమ్మా చూసేటోళ్ళు?" అంది పాప.

అంగడి రేకుల షెడ్డు. ముందర వేపచెట్టు, దాని చుట్టూ నాలుగు సిమెంటు బెంచీలు. లోపల తెల్లటి పెట్టెల వెనక నిలబడి ఉన్నామె హొళగుంద దిక్కు మనిషి. చాలా ఏళ్ళు బెంగుళూరులో ఒక ఐస్‌క్రీమ్ కొట్లో మొగుడూ తానూ పని చేసి, ఆ పనితనంతో తిరిగి వచ్చి ఇక్కడ సొంతంగా పెట్టుకున్నారు. ఒకే మాటలో కన్నడం, తెలుగు రెండూ కలిపి మాట్లాడుతుంది.

"బన్నీ అక్కా, రాండి. ఏన్ బేకు, ఏం కావాల?" అంది మమ్మల్ని చూసి.

ఆదోని వాళ్ళు అప్పటికే వచ్చి ఉన్నారు. అబ్బాయి, తల్లి, తండ్రి. తండ్రి పత్తి మార్కెట్లో వ్యాపారం చేస్తాడు. మా బావ మగ్గాల మీద చీరలు నేయించే మనిషి. ఆయన పత్తి గురించి మొదలుపెట్టాడు, ఈయన నూలు గురించి అందుకున్నాడు. ఆ ఇద్దరూ ఒక బెంచీ మీద అలా స్థిరపడిపోయారు. సాయంత్రం దాకా వాళ్ళ గురించి ఎవరికీ చింత లేకపోయింది.

అబ్బాయి కర్నూల్లో ఏదో కంపెనీలో పని చేస్తాడు. ఇస్త్రీ చొక్కా, చెమట పట్టిన నుదురు. పాపను చూసి లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

అక్క నల్ల బోర్డు ముందర నిలబడి సుద్దముక్కతో రాసిన పేర్లన్నీ పైకి చదివింది. ఒక్కొక్కదానికీ ఒక్కొక్క మాట అంటూ పోయింది. శెనక్కాయ బెల్లం. "బాగుంటుందిలే." సీతాఫలం. "గింజలు తీసుంటారో లేదో." జొన్న పేలాలు. "పేలాలు నానితే ఏం రుచి?" జామకాయ కారం. "ఇది గొంతుకా, కంటికా?" చిగళి. ఆ పేరు చదివి కాసేపు ఆగింది. చింతపండు, బెల్లం, జీలకర్ర దంచి పుల్లకు గుచ్చుకుని అక్క నన్ను బడిలో దింపే దారిలో ఇద్దరం చప్పరించింది అదే. దానికి మాత్రం ఏమీ అనలేదు. తర్వాతి పేరు చదివేసరికి గొంతు మళ్ళీ లేచింది.

"టమాటా. పత్తికొండ టమాటాలంట. రేటు పడిపోయి రోడ్డు మీద పారబోస్తాండారంటే, అది యాడికి పోతాందో ఇప్పుడు తెలిసింది."

అంగడామె నవ్వింది. "పారబోసింది అల్లక్కా, కాదు, మంచి పండ్లే తెస్తాం."

ముందుగా అబ్బాయిని అడిగింది ఏం కావాలని.

"వెనిలా," అన్నాడతను.

"వెనిలా ఇల్లప్పా. మనింట్లో వెనిలా లేదు."

అతనికి ఆ ఒక్కటే పాఠం వచ్చినట్టుంది. బోర్డు వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. పాప వైపు చూడబోయి నేలను చూశాడు. "అయితే ఏదైనా ఈండి," అన్నాడు. ఏదైనా ఇమ్మంటే ఆమె టమాటా ఇచ్చింది, ఆ అంగడిలో ఎప్పుడూ ఎవరూ అడగనిది అదొక్కటే కాబట్టి. పాప జామకాయ కారం తీసుకుంది. అబ్బాయి మొదటి చెంచా నోట్లో పెట్టుకుని, మింగాలా వద్దా అని నిర్ణయించుకోలేని ముఖంతో అలాగే ఉండిపోయాడు. పాప నవ్వు ఆపుకోవడానికి తల పక్కకు తిప్పుకుంది.

"పిల్లోళ్ళు ఆ చెట్టు కింద కూర్చోనీ, మాట్లాడుకుంటారు. నువ్వు పోయి దగ్గర కూర్చో," అని అక్క నన్ను పంపింది. దగ్గరంటే ఎంత దగ్గరో చెప్పలేదు. నేను పక్క బెంచీలో వీపు అటు తిప్పి కూర్చున్నాను. వాళ్ళ మాటలు వినలేదని చెప్తే అబద్ధం. నా చేతిలో శెనక్కాయ బెల్లం కప్పు, ముందర అక్కా, అబ్బాయి తల్లి ఆదోనామే, వెనక పిల్లలు. అన్నీ ఒకేసారి చూస్తూ, వింటూ, తింటూ ఉన్నాను.

ముందు గొడవ పెద్దవాళ్ళ దగ్గర మొదలైంది. బోర్డులో అట్టడుగున ఓళిగ ఐస్‌క్రీమ్ అని ఉంది. పాలకోవాలాంటి మెత్తటి ఐస్‌క్రీములో నేతి ఓళిగ ముక్కలు కలిపినది. ఇద్దరు తల్లులూ అదే తీసుకున్నారు. అక్క ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. ఆమె అలా కళ్ళు మూసుకుందంటే తీర్పు వస్తుందని అర్థం.

"శెనగబేళ్ళు. నేతిలో బాగనే కాల్చింది," అంది. పప్పును మా దిక్కు బేళ్ళంటాం.

"కందిబేళ్ళు వదినా," అంది ఆదోనామె నెమ్మదిగా. సంబంధం కుదరకముందే ఇద్దరూ వదినా అని పిలుచుకోవడం మొదలుపెట్టారు.

"కాదు. వాసనే చెప్తాంది."

"శెనగబేళ్ళయితే నాలిక్కి మందంగా తగల్తాయి. ఇది సూడు, ఎట్ల కరిగిపోతాందో."

"మందం రుబ్బేదాంట్లో ఉంటుంది వదినా. బేళ్ళదేం తప్పు?"

"మా ఆదోనిలో శెనగబేళ్ళతో ఎవరూ చేయరు."

"అందుకేనేమో, ఆదోనోళ్ళు మా ఇండ్లకొచ్చి ఓళిగలు తింటాండారు."

నా చెంచా ఆగిపోయింది. బావ పత్తి మాట మధ్యలో ఆపి రేకుల పైకప్పు వైపు చూశాడు. నాలుగో సంబంధం ఎక్కడ తెగుతుందో నాకు కనిపించింది. ఆదోనామె మా అక్కను ఒక్క క్షణం చూసి, కప్పు అడుగు గీకుతూ, "నిజం తేలాలంటే ఇంకొకటి తినాల్సిందే," అంది. ఇంకో రెండు కప్పులు వచ్చాయి. అవీ అయిపోయాయి. నిజం తేలలేదు. అంగడామెనే అడిగారు.

"అది అంగడి గుట్టు అక్కా," అని ఆమె గుడ్డతో పెట్టె మూత తుడుచుకుంది.

ఇంతలో నా వీపు వెనక అబ్బాయి గొంతు వినబడింది.

"మీరేమీ అనుకోకుంటే ఒక మాట చెప్పాల."

"చెప్పండి."

"ఆఫీసులో ఒకమ్మాయి ఉంది. ఇంట్లో చెప్పనీకి ధైర్యం చాల్లేదు. మిమ్మల్ని ఈడిదాకా రప్పించినా. తప్పు నాదే."

నేను తిరిగి చూడకుండా మెడను గట్టిగా బిగపట్టుకున్నాను. పాప ఏడుస్తుందేమో, కోపం చేస్తుందేమో అనుకున్నాను.

"అంతేనా," అంది పాప. "నేను ఎమ్మిగనూరు యిడిచి రానని మీకెట్ల చెప్పాల్నా అని దావంతా ఆలోచన చేసుకుంటా వచ్చినా. చీరల పని ఇప్పుడిప్పుడే కుదురుకుంటాంది. మీరే ముందు చెప్పేసినారు."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. దూరం నుంచి ఆ నవ్వు చూసి అక్క ఆదోనామె మోచేతిని తట్టింది. ఆదోనామె అక్క మోచేతిని తట్టింది.

"మాయమ్మకు ఇప్పుడే చెప్పాల్నా?" అన్నాడు అబ్బాయి. నేను పెద్దవాళ్ళ వైపు చూశాను. ఆదోనామె ఏదో చెప్తోంది, మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మళ్ళీ అక్క ఏదో అంది, ఈసారి ఆమె నవ్వింది. "మాయమ్మ ఇంతగా నవ్వంగా చూసి శానా దినాలైంది," అన్నాడతను.

"మాయమ్మ కూడా," అంది పాప. "ఇంకొంచేపు కూర్చుందాం."

అలా, సంబంధం వద్దనుకున్న తర్వాత వాళ్ళిద్దరూ ఇంకో గంట కూర్చున్నారు, పెద్దవాళ్ళ సంతోషం చెడగొట్టకూడదని. కూర్చోవాలంటే తినాలి కదా. పాప సీతాఫలం తెచ్చుకుంది. అబ్బాయి మళ్ళీ టమాటానే తెచ్చుకున్నాడు.

"అదేంది?" అంది పాప.

"అలవాటైంది," అన్నాడు.

ఈ పిల్లవాడు అల్లుడు కాకపోవడం కొంచెం నష్టమే అని నాకు అప్పుడే అనిపించింది.

ఎండ తగ్గాక అక్క చేయెత్తి మమ్మల్ని పిలిచింది. "వచ్చే ఆదివారం ఖాయం చేసుకున్నాం," అంది.

పాప ముఖం తెల్లబోయింది. అబ్బాయి టమాటా కప్పు చేతిలో ఒక పక్కకు ఒరిగింది. "ఏం ఖాయం?" అని నేనే అడిగాను.

"ఓళిగలు. ఆమె కందిబేళ్ళతో చేసుకోనొస్తుంది, నేను శెనగబేళ్ళతో. ఈడికే తెస్తాం. ఈ అంగడామె తిని చెప్తుంది, ఏది మేలో."

తిరుగు ఆటోలో అక్క కొంగు గాలికి వదిలేసింది. "మాటామాటా కలిసింది. పిల్లలు కూడా నవ్వుకుంటాండ్రి. ఇంగేం కావాల?" అంది. పాప నా తొడ మీద గిల్లింది. చెప్పాల్సింది నేనేనని ఆ గిల్లుడుకు అర్థం.

సోమవారం బడిలో పరీక్షలని చెప్పలేదు. మంగళవారం అక్కకు తలనొప్పని చెప్పలేదు. బుధ, గురు, శుక్రవారాలకు ఏ కారణమూ లేదు, భయమొక్కటే. శనివారం మధ్యాహ్నం బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాను. అక్క వంటింట్లో ఉడికిన శెనగబేళ్ళలోంచి నీళ్ళు వంచుతోంది. పక్కన దంచిన బెల్లం, ఏలకులు. పీట మీద కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

నీళ్ళు వంచే చేయి ఆగింది. "ఆయబ్బి వేరే పిల్లను చూసుకున్నాడా?"

"ఊ."

"పాపకు తెల్సా?"

"ఆరోజే ఒకరికొకరు చెప్పుకున్నారు. పాపకు కూడా ఊరు యిడిచేది ఇష్టం లేదు."

"మరి నవ్విందెందుకు?"

"అందుకే నవ్వినారు."

అక్క కోప్పడుతుందని పీట కొంచెం వెనక్కి జరుపుకున్నాను. ఆమె కోప్పడలేదు. గిన్నె దించి, నేల మీద కూర్చుంది. "పాపకు ఇంకోడు దొరుకుతాడులే," అంది. కొంగుతో చేతులు తుడుచుకుని, "ఆమె దొరకదు," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"పెండ్లయి ఈ ఇంటికొచ్చినప్పట్నుంచి నాకు ఆడబిడ్డలుండారు, తోడికోడండ్లుండారు, చీరలు కొనేటోళ్ళుండారు. నా మాటకు ఎదురు మాట చెప్పి నవ్వే మనిషి యాడుంది? వియ్యపురాలైతే నెలకొకసారన్నా కలుస్తాంటిమి. ఇప్పుడు ఏ పేరు చెప్పి కలిసేది?"

నలభై ఏళ్ళుగా నేను ఆమె మాటకు తలూపుతూనే ఉన్నాను. అది ఆమెకు అంత లోటని నాకు తెలియదు. "అయితే రేపు పోవద్దులే," అన్నాను.

అక్క నన్ను జాలిగా చూసింది. "పోకుంటే కందిబేళ్ళే గెలిచినాయనుకుంటుంది," అని లేచి బెల్లం గిన్నెలో వేసింది.

మర్నాడు మేమిద్దరమే పోయాం. ఆదోనామె కూడా ఒక్కతే వచ్చింది, ఒళ్ళో స్టీలు డబ్బా పెట్టుకుని వేపచెట్టు కింద కూర్చుని ఉంది. మొగుణ్ణి, కొడుకును ఎందుకు తీసుకురాలేదో ఆమె చెప్పలేదు. బావా, పాపా ఎందుకు రాలేదో మేమూ చెప్పలేదు. "ఎండ ఎక్కువైంది వదినా," అంది ఆమె. "అవును వదినా," అంది అక్క. ఈ రెండు మాటలు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాయి.

డబ్బాలు తెరిచారు. అంగడామె చేతులు కడుక్కుని వచ్చి ఒక దాంట్లోంచి ఒక ముక్క, ఇంకో దాంట్లోంచి ఒక ముక్క తిన్నది. ఇద్దరూ ఆమె దవడనే చూస్తున్నారు. నేను బడిలో ఫలితాలు చదివేటప్పుడు పిల్లలు కూడా అంత భయంగా చూడరు.

"ఎరడూ చెన్నాగిదె. రెండూ బాగుండాయి," అంది ఆమె.

"అట్ల కాదు. ఒకటి చెప్పు," అంది అక్క.

"అంగడి పెట్టుకున్న మనిషిని, నా చేత చెప్పిస్తారా అక్కా?"

"సరే, ఇది చెప్పనక్కర్లేదు. నీ ఐస్‌క్రీములో ఉండేది ఏం బేళ్ళు? అదన్నా చెప్పు," అంది ఆదోనామె. మా అక్క కూడా పెట్టె మీద చేయి పెట్టి అడ్డంగా నిలబడింది. అంగడామెకు పోయే దారి లేదు.

"పెసరబేళ్ళు," అంది.

అక్క పెట్టె మీది చేయి తీసేసింది.

"శెనగబేళ్ళు పెట్టెలో పెడితే గట్టిపడి పంటికి రవ్వ మాదిరి తగల్తుంది. కందిబేళ్ళు వాసన మారుతుంది. పెసరబేళ్ళొకటే మెత్తగా ఉంటుంది. నాలుగైదు నెలలు అన్నీ చేసి చూసినా," అని ఆమె వివరంగా చెప్పింది. ఆ వివరమేదీ వీళ్ళ చెవుల్లోకి పోలేదు.

"పెసరబేళ్ళతో ఓళిగనా?" అంది అక్క.

"యాడన్నా ఉందా వదినా ఈ చోద్యం?" అంది ఆదోనామె.

"నువ్వు కందిబేళ్ళతో చేసినా ఒక అర్థముంది."

"నువ్వు శెనగబేళ్ళతో చేసేది కూడా తినొచ్చు."

పోయిన ఆదివారం ఒకరినొకరు ఓడించడానికి తెచ్చుకున్న కోపమంతా ఇద్దరూ కలిసి పెసరబేళ్ళ మీద ఖర్చు పెట్టారు. అంగడామె వినయంగా అన్నీ విని, లోపలికి పోయింది. కోపం తీరాక ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. ఆదోనామె తన ఓళిగ ఒకటి తీసి మా అక్క చేతిలో పెట్టింది.

"వదినా, ఒక మాట చెప్పాల."

"తెల్సు వదినా."

"ఎప్పట్నుంచి?"

"నిన్న చెప్పింది మా చెల్లెలు."

"నాకు సోమవారం చెప్పినాడు మావాడు. ఓళిగలు కట్టుకోని రావాల్నా, మొగం యాడ పెట్టుకోవాల్నా అని ఐదు దినాలు కొట్టుకున్నా."

"నువ్వు రాకుంటే నేనే ఆదోనికి వచ్చుంటి," అంది అక్క, కందిబేళ్ళ ఓళిగ తింటూ. ఎలా ఉందో మాత్రం చెప్పలేదు. ఇంకొకటి తీసుకుంది.

అది జరిగి ఏడాది దాటింది. వాళ్ళు నెలకు రెండుసార్లయినా అక్కడ కలుస్తారు. నన్ను పిలవరు. ఆదోనామె తన చుట్టాలందరి చేతా పాప దగ్గర చీరలు కొనిపించింది. అంతటితో ఆగితే బాగుండేది. పాపకు సంబంధాలు కూడా ఆమే తెస్తోంది, ఇప్పటికి రెండు తెచ్చింది. "చిన్నమ్మా, ఒకమ్మతోనే వేగలేకుంటి, ఇప్పుడు ఇద్దరైనారు," అని పాప నాకు ఫోన్ చేస్తూనే ఉంది.

మొన్న ఆదోనిలో ఆ అబ్బాయి పెళ్ళయింది, ఆఫీసు అమ్మాయితోనే. పెళ్ళికూతురి చీర బావ మగ్గం మీద నేసిందే. రంగు పాప ఎంచింది. అక్క మూడు రోజుల ముందే పోయి అక్కడ దిగింది. నేను పెళ్ళినాడు పోయేసరికి ఆమె వాళ్ళ తాళంచేతుల గుత్తి నడుముకు దోపుకుని, వంటవాళ్ళను, బంధువులను, సన్నాయి వాయించే వాళ్ళను కూడా అదిలిస్తూ తిరుగుతోంది. పెళ్ళికొడుకు తల్లి నిమ్మళంగా కుర్చీలో కూర్చుని ఉంది.

భోజనాల పంక్తిలో నా పక్కన కూర్చున్న ముసలామె, పెళ్ళికొడుకు తరఫు చుట్టం, అక్కనే చూస్తూ అడిగింది: "ఆయమ్మ ఎవరమ్మా, అందర్నీ ఇట్ల నడిపిస్తాంది?"

"మా అక్క," అన్నాను.

"అట్లనా. పిల్లోనికి ఏమైతుంది?"

పెద్దమ్మ కాదు. అత్త కాదు, కాబోయి కాలేదు. బడిలో చుట్టరికాల పాఠం చెప్పేది నేనే. అందులోని మాటలన్నీ వరసగా తలచుకున్నాను. ఒక్కటీ అతకలేదు. ముసలామె నా ముఖం వైపే చూస్తూ అన్నం కలుపుకుంటోంది. నేను నోరు తెరిచేలోపే అక్క చిత్రాన్నం బకెట్‌తో మా ముందుకు వచ్చింది.

"ఏం మే, ముచ్చట్లు పెట్టుకోని కూర్చున్నావు? తినేది బిన్నా తిని లేయి. ఆ చివరి పంక్తికి నీళ్ళు పోసేటోళ్ళు లేరు."

నేను బిన్నాగానే, గబగబా తిని లేచాను.